పాత స్ప్లెండర్‌తో డ్రిఫ్ట్ ట్రైక్: వెనక ఇరుసు కుదిరితేనే బండి కుదిరినట్టు

మీరు అడిగింది ఇది: ఇంట్లో మూలన పడి ఉన్న పాత హీరో హోండా స్ప్లెండర్‌ను డ్రిఫ్ట్ ట్రైక్‌గా, అంటే వెనక రెండు చక్రాలకు ప్లాస్టిక్ తొడుగులు వేసి జారిస్తూ తిప్పే మూడు చక్రాల బండిగా మార్చాలి. ఇంజిన్ కిక్కు కొడితే స్టార్టవుతోంది. 100 సీసీ సరిపోతుందా లేక పల్సర్ ఇంజిన్ వెతకాలా, ఫ్రేము ఎక్కడ కోయాలి, పైపు ఏ సైజు తీసుకోవాలి, రోడ్డు మీద నడపొచ్చా?

ఇంజిన్ గురించి బెంగ వద్దు, స్ప్లెండర్ చాలు. లెక్క చూడండి. ట్రైక్ 120 కిలోలు, మనిషి 70 కిలోలు అనుకుంటే మొత్తం 190. అందులో వెనక చక్రాల మీద పడేది సుమారు 118 కిలోలు. పొడి తారు మీద ప్లాస్టిక్ పట్టు సుమారు 0.3, అంటే మీద పడే బరువులో 0.3 వంతు ఉంటుంది. అంటే వెనక చక్రాలను జారించి తిప్పడానికి 35 కిలోల తోపుడు కావాలి. స్ప్లెండర్ ఇంజిన్ సుమారు ఏడున్నర హార్స్‌పవర్ ఇస్తుంది. చెయిన్, గేర్లలో పోయేది పోగా 30 కిలోమీటర్ల వేగంలో 55 కిలోల దాకా తోస్తుంది, 45 దగ్గర 38 దాకా. మొదటి ట్రైక్‌కు ఇంతకంటే అక్కర్లేదు. పైగా ఈ ఇంజిన్ సిలిండర్ దాదాపు పడుకుని ఉంటుంది కాబట్టి బరువు నేలకు దగ్గరగా ఉంటుంది. ట్రైక్‌కు ఇది పెద్ద లాభం. ఆర్‌ఎక్స్ 100 దొరికినా దాని జోలికి పోకండి. దాన్ని బాగుచేసి నడుపుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, కోస్తే మళ్లీ రాదు.

గ్రైండర్ పట్టుకునే ముందు కాగితాల పని ముగించండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్‌లో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని ఉంది. కాబట్టి ఇది రోడ్డెక్కే బండి కాదు, రిజిస్ట్రేషన్ కూడా రాదు. బండిని శాశ్వతంగా వాడకం నుంచి తీసేస్తున్నారు కాబట్టి 55వ సెక్షన్ కింద ఆర్టీఏ ఆఫీసులో తెలిపి ఆర్‌సీ అప్పగించండి. చట్టంలో దీనికి 14 రోజుల గడువు ఉంది. ఊరి బయట ఖాళీగా ఉన్న వెంచర్ల రోడ్లు ప్రైవేటువి కదా అనుకుంటారు చాలామంది. జనం వెళ్లే హక్కున్న చోటు ఏదైనా చట్టం దృష్టిలో పబ్లిక్ ప్లేసే. గేటు ఉండి, యజమాని రాతపూర్వకంగా ఒప్పుకున్న స్థలం, లేదా ట్రాక్ వాళ్లు అనుమతించిన గో-కార్ట్ ట్రాక్ చూసుకోండి.

ఇక అసలు పని. చాలామంది ఫ్రేము కోయడంతో మొదలుపెడతారు. అది తలకిందుల పద్ధతి. వెనక చక్రం బయటి వ్యాసం తేలితేనే ఇరుసు ఎత్తు తెలుస్తుంది. ఇరుసు ఎత్తును బట్టి స్ప్రాకెట్ ఎంత పెద్దది పెట్టొచ్చో, ఫ్రేము ఎంత కిందికి దించాలో తెలుస్తుంది. కాబట్టి ముందు చక్రాలు, పైపు తెచ్చి బల్ల మీద పెట్టుకోండి.

చక్రాలకు గో-కార్ట్ ముందు టైరు సైజు 10×4.50-5 తీసుకోండి. ట్రాలీలకు వాడే 3.50-4 చక్రాలు చూడటానికి అలాగే ఉంటాయి, చవక కూడా. కానీ వాటి రేకు రిమ్ములు మనిషి తోసే వేగానికి చేసినవి, పైగా మధ్యలో బేరింగు మీద ఒట్టిగా తిరుగుతాయి. ఇంజిన్ బలం ఎక్కించడానికి పనికిరావు. ఆటో చక్రాలు మరీ ఎత్తు, వాటితో సీటు పైకి పోతుంది.

ఈ టైర్ల మీద ఎక్కించే ప్లాస్టిక్ తొడుగుకు హెచ్‌డీపీఈ (గట్టి పాలిథీన్) పైపు వాడండి, బూడిదరంగు పీవీసీ వద్దు. పీవీసీ ఎండకు పెళుసెక్కి, గుంతలో పడగానే చిట్లుతుంది. ముక్కలు కాళ్ల మీదికి ఎగురుతాయి. హెచ్‌డీపీఈ అరుగుతుంది తప్ప పగలదు. మంచినీటి లైన్లకు వేసే నీలిగీతల నల్ల పైపు ఇదే. కాంట్రాక్టర్ల దగ్గర మిగిలిన తుంపులు తూకానికి దొరుకుతాయి. సైజు 280 మి.మీ. బయటి వ్యాసం, ఎస్‌డీఆర్ (బయటి వ్యాసం గోడ మందానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) 21. పీఈ100 రకమైతే పైపు మీద పీఎన్ 8 అని అచ్చువేసి ఉంటుంది. దాని గోడ మందం 13.4 మి.మీ., లోపలి వ్యాసం 253 మి.మీ. చుట్టుపక్కల. పైపు కొనే ముందు టైరుకు 20 పీఎస్ఐ గాలి కొట్టి, చుట్టూ టేపు పెట్టి కొలిచి 3.14తో భాగించండి. కంపెనీని బట్టి ఒకే సైజు టైరు నాలుగైదు మి.మీ. తేడా ఉంటుంది. మీకు వచ్చిన వ్యాసం పైపు లోపలి వ్యాసం కంటే 4 నుంచి 6 మి.మీ. ఎక్కువ ఉండాలి. ఈ బిగువు ఎందుకంటే హెచ్‌డీపీఈ వేడికి బాగా సాగుతుంది. 30 డిగ్రీలు పెరిగితే ఈ సైజు తొడుగు వ్యాసం సుమారు ఒకటిన్నర మి.మీ. పెరుగుతుంది. పొద్దున చలిలో గట్టిగా పట్టిన తొడుగు పది నిమిషాలు రాపిడి పడ్డాక వదులై, లోపల టైరు ఒక్కటే తిరగడం మొదలవుతుంది. ట్రైక్ ఉన్నట్టుండి బలం తగ్గిందని క్లచ్ ప్లేట్లు మార్చేస్తుంటారు. లోపం తొడుగులో ఉంటుంది.

పైపును 130 మి.మీ. వెడల్పు తుంపులుగా కోయండి. చుట్టూ పేపరు పట్టీ చుట్టి, దాని అంచు వెంట గీత గీసి కోస్తే అంచు వంకర పోదు. వంకరగా కోసిన తొడుగు తిరిగేటప్పుడు ఊగుతుంది. అంచులను 3 మి.మీ. వాలుగా రాయండి, లేకపోతే ఆ పదును అంచు తారు పగుళ్లలో తట్టుకుని లేస్తుంది. ఎక్కించేటప్పుడు టైరు వాల్వు పిన్ను తీసేసి గాలి మొత్తం వదలండి, టైరు నడుం చుట్టూ ర్యాచెట్ బెల్టు బిగించి నొక్కండి, పైపు తొడగండి, బెల్టు లాగేసి 25 పీఎస్ఐ కొట్టండి. సబ్బునీళ్లు వాడొద్దు. అది లోపల ఆరిపోయి జారుడు పొరగా మిగులుతుంది. ఒట్టి నీళ్లతో తడిపి, ఒక రోజు ఆరనివ్వండి. తొడుగుకు స్క్రూలు కొట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఆ తలలు తారుకు రాసుకుని అరిగి ఊడిపోతాయి, మొనలు టైరుకు చిల్లు పెడతాయి. బిగువు సరిగా ఉంటే స్క్రూ అవసరమే రాదు. చివరగా తొడుగు, టైరు, రిమ్ము మూడింటి మీదుగా పక్కనుంచి ఒకే తెల్ల పెయింటు గీత గీయండి. ప్రతిసారీ దిగగానే ఆ గీత చూడండి. ముక్కలై పక్కకు జరిగి ఉంటే ఎక్కడో జారుతోందని అర్థం.

ఇరుసుకు 30 మి.మీ. ఈఎన్ 8 (మధ్యరకం కార్బన్ స్టీలు) బ్రైట్ బారు, అంటే నున్నటి కడ్డీ, ఒక మీటరు తుంపు. బరువు ఐదున్నర కిలోలు వస్తుంది. బోలు పైపు పెట్టి బరువు తగ్గిద్దామనుకోవద్దు, కీ (ఇరుసూ హబ్బూ కలిసి తిరిగేలా మధ్యలో దూర్చే ఇనుప ముక్క) గాడి దగ్గర చిట్లుతుంది. లేత్‌లో 8 మి.మీ. వెడల్పు కీ గాడి తీయించండి, 30 మి.మీ. షాఫ్టుకు 8×7 కీ సరైన కొలత. గాడి ఇరుసు పొడవునా కొట్టించకండి, హబ్బులు, స్ప్రాకెట్, డిస్కు కూర్చునే చోట్ల మాత్రమే. గాడి చివర్లు గుండ్రంగా ముగియాలి, చదరంగా ఆగితే ఆ మూలలోంచి పగులు మొదలవుతుంది. కీ వేళ్లతో నెడితే జారిపోయేంత వదులుగా ఉండకూడదు, సుత్తితో మెల్లగా తట్టి దింపాల్సి రావాలి. వదులు కీ ప్రతి యాక్సిలరేటర్ దెబ్బకూ గాడి గోడను కొడుతూ వెడల్పు చేస్తుంది. ఆ చప్పుడు వినిపించేనాటికి హబ్బు, ఇరుసు రెండూ పోయి ఉంటాయి.

బేరింగులు యూసీపీ 206 (బోల్టులతో బిగించే ఇనుప దిమ్మలో వచ్చే 30 మి.మీ. బేరింగు), రెండు. పిండిమరలు, రైస్ మిల్లులు, కన్వేయర్లలో ఉండేవే కాబట్టి విజయవాడ ఆటోనగర్‌లో గానీ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ ఏ బేరింగు కొట్టులో అడిగినా ఇస్తారు. బోల్టు రంధ్రాల మధ్య దూరం 121 మి.మీ., కింది ప్లేటు నుంచి షాఫ్టు మధ్యకు 42.9 మి.మీ. ఇవి గుర్తుపెట్టుకుంటే ప్లేటు ముందే తయారుచేసుకోవచ్చు. బేరింగులు చక్రాలకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది, హబ్బు నుంచి 60, 70 మి.మీ. లోపల. మూడో బేరింగు మధ్యలో వేస్తే ఇంకా గట్టిగా ఉంటుందనుకోవద్దు. మూడూ ఒకే గీత మీద రాకపోతే ఇరుసు బిగుసుకుని వేడెక్కుతుంది. బేరింగు లోపలి రింగును షాఫ్టుకు పట్టే గ్రబ్ స్క్రూలు (తల లేని చిన్న స్క్రూలు) అదురుకు వదులవుతాయి. స్క్రూ కూర్చునే చోట షాఫ్టు మీద డ్రిల్లు మొనతో మిల్లీమీటరు లోతు గుంట చేసి, లాక్‌టైట్ రాసి బిగించండి.

హబ్బులు, స్ప్రాకెట్ క్యారియర్, డిస్కు క్యారియర్ నాలుగూ లేత్‌లో ఈఎన్ 8తో తిప్పించండి. ఒక్కోటి 50 మి.మీ. పొడవు బాసు (షాఫ్టు మీద కూర్చునే గొట్టం భాగం), 8 మి.మీ. ఫ్లాంజి (బోల్టులు పట్టే పళ్లెం భాగం). ఆటో డిఫరెన్షియల్ పెట్టొచ్చా అని కూడా కొందరు అడుగుతారు, పెట్టకండి. డ్రిఫ్ట్ అంటే రెండు వెనక చక్రాలూ ఒకే వేగంతో కలిసి జారడం. డిఫరెన్షియల్ ఉంటే బరువు తగ్గిన లోపలి చక్రం ఒక్కటే గిర్రున తిరిగి, బండి ముక్కు నేరుగా పోతుంది.

గేరింగు లెక్కకు గేరుబాక్సు నిష్పత్తులు వెతకక్కర్లేదు. స్ప్లెండర్ 18 అంగుళాల వెనక చక్రం ఒక చుట్టుకు సుమారు 1.87 మీటర్లు పోతుంది. మన 280 మి.మీ. చక్రం 0.88 మీటర్లు. అంటే స్ప్రాకెట్లు మార్చకపోతే ప్రతి గేరులోనూ వేగం 0.47 వంతుకు పడిపోతుంది. టాప్ గేరులో 80 పోయే బండి 38 పోతుంది. స్ప్లెండర్‌లో సాధారణంగా ముందు 14, వెనక 44 పళ్లుంటాయి. మీ దానివి లెక్కపెట్టుకోండి. వెనక 36 పళ్లు వేస్తే 38ని 44తో గుణించి 36తో భాగించండి, 46 వస్తుంది. డ్రిఫ్టు ఎక్కువగా జరిగేది 25 నుంచి 40 మధ్య కాబట్టి ఇది బాగా కుదురుతుంది.

36 వేయమనడానికి ఇంకో కారణం నేల. 428 చెయిన్‌కు 44 పళ్ల స్ప్రాకెట్ వ్యాసం 185 మి.మీ. దాకా వస్తుంది. చెయిన్ మందం కలిపితే నేలకు 45 మి.మీ. మాత్రమే మిగులుతుంది. తొడుగు ఐదారు మి.మీ. అరిగాక అదీ తగ్గుతుంది. 36 పళ్లదైతే 60 దాకా ఉంటుంది. రెడీమేడ్‌గా దొరకకపోతే 7 మి.మీ. ప్లేటులో లేజర్ కటింగ్ చేయించి పళ్ల మొనలు రెండువైపులా సన్నగా రాయించండి. చెయిన్ కొత్తది కొనండి. పాతది సాగి ఉంటుంది, కొత్త స్ప్రాకెట్ పళ్లను నెలలో తినేస్తుంది.

ముందు స్ప్రాకెట్ మధ్య నుంచి ఇరుసు మధ్యకు 614 మి.మీ. పెట్టుకోండి. 14, 36 పళ్లతో లెక్క సరిగ్గా 122 లింకులకు వస్తుంది, సరి సంఖ్య కాబట్టి అర లింకు అతుకు అక్కర్లేదు. మనిషి కూర్చోడానికి చోటూ సరిపోతుంది. బేరింగు ప్లేటు రంధ్రాలను ముందూ వెనకా 15 మి.మీ. చొప్పున పొడుగు స్లాట్లుగా చేయండి, బేరింగుకు ముందు, అంటే ఇంజిన్ వైపు, దాన్ని వెనక్కి నెట్టి పట్టే ఎం10 తోపుడు బోల్టు ఒక్కోవైపు తప్పనిసరి. ఆ బోల్టు లేకపోతే గట్టిగా యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు చెయిన్ లాగుడుకు ఎడమ బేరింగు ముందుకు జారి, ఇరుసు వంకర తిరిగి చెయిన్ ఊడుతుంది. ఇక్కడ సస్పెన్షన్ లేదు కాబట్టి చెయిన్ వదులు 15 నుంచి 20 మి.మీ. చాలు. రెండు స్ప్రాకెట్లూ ఒకే గీతలో ఉన్నాయో లేదో స్టీలు స్కేలు పెట్టి చూడండి, తేడా ఒక మి.మీ. దాటకూడదు.

ఇప్పుడు ఫ్రేము. స్వింగ్ ఆర్మ్, అంటే మెకానిక్‌లు చిమ్టా అనేది, తీసేయండి. కానీ దాని బోల్టు దూరే ప్లేట్లను కోయకండి. ఇంజిన్ లాగుడు తట్టుకోడానికి కంపెనీ గట్టిగా కట్టిన చోటు అదే. కొత్త వెనక భాగాన్ని ఆ బోల్టుకే రబ్బరు బుష్ బదులు గట్టి ఇనుప బుష్‌తో బిగిస్తే, చెయిన్ గీత తేడా వచ్చినప్పుడు వాషర్లతో సర్దుకోవచ్చు, విరిగితే విప్పి బాగుచేయొచ్చు. కోయాల్సింది సీటు కింద ఉన్న వెనక లూపు మాత్రమే, ట్యాంకు వెనక కొస దాటాక 80 మి.మీ. తుంపు మిగిల్చి. ఆ తుంపుల్లోకి లోపలి వ్యాసానికి సరిపోయే ఇనుప ముక్క 100 మి.మీ. దూర్చి, పైన రెండు రంధ్రాల్లోంచి ప్లగ్ వెల్డింగు చేసి, తర్వాత చుట్టూ వెల్డు వేయండి. ఒట్టి మొన మీద మొన పెట్టి వెల్డు చేస్తే అక్కడే విరుగుతుంది.

కొత్త వెనక భాగానికి 32 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం ఈఆర్‌డబ్ల్యూ (పొడవునా వెల్డు చేసిన ఇనుప) పైపు. జీఐ పైపు వద్దు, జింకు పూత కాలి వచ్చే పొగ ఒళ్లు కాలే జ్వరం తెప్పిస్తుంది, వెల్డు కూడా బుడగలు కడుతుంది. చిమ్టా బోల్టు నుంచి రెండు పైపులు కిందికి వాలి ఇరుసు ప్లేట్లకు రావాలి. ట్యాంకు వెనక తుంపుల నుంచి ఇంకో రెండు మనిషి నడుముకు రెండు పక్కలా దిగి అక్కడే కలవాలి. పక్కనుంచి చూస్తే త్రికోణం కనపడాలి. కుడివైపు పైపు దారి నిర్ణయించే ముందు కిక్కు రాడ్డును పూర్తిగా తిప్పి చూడండి. పైపు అంతా వెల్డయ్యాక కిక్కు కొట్టడానికి చోటు లేని ట్రైకులు చాలా కనపడతాయి.

అన్నిటికంటే ఎక్కువగా చెడేది ఇక్కడ, ముందు ఫోర్కు వాలు. 100 సీసీ బండ్లలో ఈ వాలు 26 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. వెనక 300 మి.మీ. ఎత్తులో ఉన్న ఇరుసును 140కి దించేసి ఫ్రేమును అలాగే వెనక్కి వాల్చేస్తే, ఫోర్కు 33 డిగ్రీలకు పడుకుంటుంది, ట్రెయిల్ (హ్యాండిల్ తిరిగే గీత నేలను తాకే చోటుకూ టైరు తాకే చోటుకూ మధ్య దూరం) దాదాపు సగం మేర పెరుగుతుంది. హ్యాండిల్ బరువెక్కి, తిప్పగానే పక్కకు వాలిపోతుంది. డ్రిఫ్టులో చేతులు పది నిమిషాల్లో నొప్పెడతాయి. అందుకని ఫ్రేమును వాల్చొద్దు. ఇంజిన్ కింద ఇటుకలు పేర్చి, బండి మామూలుగా నిలబడినప్పటి మట్టంలోనే ఫ్రేమును కట్టేయండి. ఫోర్కు వాలు కోణం మీటరుతో, ఫోన్‌తో అయినా సరే, చూసి రాసుకోండి. కొత్త వెనక భాగమే కిందికి దిగి ఇరుసును 140 మి.మీ. ఎత్తులో పట్టుకోవాలి. వీల్‌బేస్ 1300 నుంచి 1350 మధ్య వస్తుంది.

అన్నీ ముందు టాకాలు (చుక్క వెల్డులు) మాత్రమే వేయండి. కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగు) మధ్య నుంచి ఇరుసు రెండు కొసలకూ టేపు పెట్టి కొలవండి. తేడా 2 మి.మీ. దాటితే టాకా కోసి సర్దండి. తర్వాత కుడివైపు కొంచెం, ఎడమవైపు కొంచెం మార్చి మార్చి వెల్డు వేయాలి, ఒకే వైపు పూర్తి చేస్తే వేడికి గుంజుకుని వంకర పోతుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ, సీడీఐ (స్పార్కు ఇచ్చే డబ్బా) సాకెట్ ఊడదీయండి. ఎర్త్ క్లిప్పును వెల్డు చేసే పైపుకే దగ్గరగా పెట్టండి. ఇంజిన్‌కు పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటి మీద మచ్చలు పడతాయి.

సీటు నేలకు 250 మి.మీ. లోపు, ఇరుసుకు కొంచెం ముందు. ఎక్కడ అనేది అంచనాతో వద్దు. మనిషిని కూర్చోబెట్టి ముందు చక్రం కింద బరువు మిషను పెట్టి, వెనక చక్రాలను అంతే ఎత్తు చెక్క మీద ఉంచి చూడండి. మొత్తం బరువులో 35 నుంచి 40 శాతం ముందు ఉండాలి. తక్కువైతే హ్యాండిల్ తిప్పినా ముక్కు తిరగదు. ఎక్కువైతే వెనక ఎప్పుడూ జారుతూ అదుపు తప్పుతుంది.

బోల్తా లెక్క కూడా ఇక్కడే చూడండి. రెండు వెనక తొడుగుల మధ్యగీతల దూరం 750 మి.మీ., బరువు కేంద్రం ఎత్తు 350 అనుకుంటే, ఈ ట్రైక్ పక్కకు సుమారు 0.65 జీ దాకా, అంటే తన బరువులో 0.65 వంతు పక్క తోపుడు దాకా పడకుండా నిలుస్తుంది. ప్లాస్టిక్ 0.3 దగ్గరే జారిపోతుంది కాబట్టి తొడుగు ఉన్నంతసేపూ బోల్తా పడదు. రబ్బరు పట్టు పొడి తారు మీద 0.7, 0.8 ఉంటుంది. అంటే జారుతుండగా ఒక తొడుగు ఊడి లోపలి టైరు తారును పట్టుకుంటే, లేదా చక్రం తారు దాటి మట్టి అంచుకు తట్టుకుంటే, బండి అక్కడికక్కడే తిరగబడుతుంది. తొడుగు బిగువు గురించి, తెల్ల గీత గురించి ఇంత వివరంగా రాసింది అందుకే.

ముందు చక్రం సంగతి దాదాపు ఎవరూ పట్టించుకోరు. మోటార్ సైకిల్ మలుపులో వాలుతుంది, కాబట్టి చక్రం మీద బరువు పుల్లల మట్టంలోనే పడుతుంది. ట్రైక్ వాలదు. పక్క తోపుడంతా పుల్లల మీదే పడి అవి వదులవుతాయి, రిమ్ము వంకర పోతుంది. మొదలుపెట్టే ముందే కొత్త పుల్లలు వేయించి బెండు తీయించండి, తర్వాత ప్రతి రెండు మూడుసార్లకు స్పానరుతో తట్టి శబ్దం వినండి, డొల్లగా మోగే పుల్ల వదులైనట్టు. డిస్కు బ్రేకు, అల్లాయ్ చక్రం ఉన్న బండి ఫోర్కు మొత్తం టీతో (ఫోర్కు గొట్టాలను పైన పట్టే భాగం) సహా దొరికితే అదే వేసుకోవడం మేలు. కోన్‌సెట్ కప్పుల వ్యాసం, కాలమ్ పొడవు కొలిచి మరీ కొనండి. ఈ బండిని నిజంగా ఆపేది ముందు బ్రేకే. వెనక ప్లాస్టిక్ ఎంత నొక్కినా జారుతుంది. వెనక బ్రేకు ఉండాల్సింది జారుడు మొదలుపెట్టడానికి, గుండ్రంగా తిప్పడానికి. దానికి అపాచీ ఆర్‌టీఆర్ 180 వెనక డిస్కు 200 మి.మీ. సరిపోతుంది, నేలకు 40 మి.మీ. మిగులుతుంది. ముందు చక్రాలకు వచ్చే 240 మి.మీ. డిస్కు తెస్తే 20 మాత్రమే, మొదటి గుంతలోనే తగులుతుంది.

కాళ్లు ముందుకు చాచి కూర్చుంటారు కాబట్టి గేరు రాడ్డు అందదు. గేరు షాఫ్టు స్ప్లైన్ (పళ్లున్న కొస) మీద చిన్న లీవరు వేసి, ఎం8 రాడ్ ఎండ్లు (బంతి కీళ్లు) రెండు బిగించిన రాడ్డుతో సీటు ఎడమ పక్క చేతి లీవరుకు కలపండి. చెయిన్ మీద 2 మి.మీ. రేకు గార్డు పూర్తిగా కప్పాలి. చెయ్యి, చొక్కా కొస దానికి అతి దగ్గరగా ఉంటాయి.

కిల్ స్విచ్ తాడు మణికట్టుకు కట్టుకునే రకం పెట్టండి. మనిషి జారిపడితే తాడు లాగి ఇంజిన్ ఆగాలి. పాత స్ప్లెండర్ సీడీఐలో మామూలుగా నలుపు-తెలుపు తీగను ఎర్త్ చేస్తే ఇంజిన్ ఆగిపోతుంది. మీ బండిలో అదే తీగా కాదా ఇంజిన్ నడుస్తుండగా ఒకసారి తాకించి నిర్ధారించుకోండి. ఈ స్విచ్ పని చేయకుండా చక్రాలు కదలనివ్వొద్దు.

కార్బురేటర్ ఒక వింత ఇబ్బంది పెడుతుంది. బైకు వాలుతుంది కాబట్టి ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు ఎప్పుడూ మట్టంగానే ఉంటుంది. ట్రైక్ ఒకే వైపు గుండ్రంగా తిరుగుతుంటే పెట్రోలు ఒక గోడకు ఎక్కి, ఇంజిన్ దగ్గడమో పైపులోంచి కారడమో మొదలవుతుంది. జెట్లు మార్చేయకండి. ఫ్లోట్ ఎత్తు సరిచూసి, ఓవర్‌ఫ్లో గొట్టాన్ని సైలెన్సర్ బెండుకు దూరంగా వెనక్కి వదలండి. చిన్న ట్యాంకు పెడితే దాని అడుగు కార్బురేటర్ కంటే 150 మి.మీ. అయినా పైన ఉండాలి. ఆయిల్ కూడా ఇలాగే పక్కకు ఎక్కుతుంది, కాబట్టి 10డబ్ల్యూ-30ని గేజి పై గీత దాకా ఉంచండి. తక్కువ వేగంలో ఎక్కువ ఆర్‌పీఎం మీద నడిచే ఇంజిన్‌కు గాలి తగలదు. పది నిమిషాలు తిప్పితే పది నిమిషాలు ఆపండి.

మొదటిసారి వెనక చక్రాలు స్టాండు మీద గాలిలో ఉంచి నాలుగు గేర్లూ తిప్పి చూడండి. చెయిన్ ఎక్కడా రాసుకోకూడదు, ఇరుసు ఊగకూడదు. తర్వాత ఖాళీ స్థలంలో ఒకటో గేరులో ఐదు నిమిషాలు నడిపి దిగి, హబ్బు బోల్టులు, గ్రబ్ స్క్రూలు, తోపుడు బోల్టులు అన్నీ మళ్లీ బిగించండి. కొత్త బోల్టులు మొదటి అదురుకు తప్పకుండా కూర్చుంటాయి. వెల్డుల మీద తెల్ల పెయింటు పలచగా వేసి ఉంచితే పగులు వచ్చినచోట సన్న తుప్పు గీత కనపడుతుంది. ముఖ్యంగా ఇరుసు ప్లేట్ల మూలలు, ట్యాంకు వెనక అతుకులు చూడండి. ఫుల్ ఫేస్ హెల్మెట్, మోకాలు చిప్పలు, చీలమండ దాకా వచ్చే బూట్లు ఉండాలి, చెప్పులతో ఎక్కొద్దు. పాదం జారితే చక్రం కిందికే పోతుంది.

మన ఎండాకాలంలో మధ్యాహ్నం తారు మీద తిప్పితే హెచ్‌డీపీఈ మెత్తబడి చాలా త్వరగా అరుగుతుంది, తారు కూడా మసిలా అంటుకుంటుంది. పొద్దున ఏడింటి లోపు తిప్పుకోండి. తడి నేల మీద అసలు వద్దు. తొడుగులు బయటి అంచు ముందు అరుగుతాయి, కాబట్టి సగం అరిగాక కుడిదీ ఎడమదీ మార్చి, లోపలి అంచు బయటికి వచ్చేలా ఎక్కించండి. గోడ మందం 6 మి.మీ.కు వచ్చిందంటే తీసేయండి. ఆ దశలో గాలి ఒత్తిడికి తొడుగు ఉబ్బి, ఏ రాయికి తగిలినా చీలుతుంది. వెళ్లే ముందు నేల మీద రాలిన ప్లాస్టిక్ పొట్టు ఊడ్చి సంచిలో వేసుకోండి, స్థలం ఇచ్చినవాళ్లు మళ్లీ రమ్మనాలంటే అది చేయాలి.